విజయేందర్ కుడికంటికి ముందస్తు అనుమతి

మనిషి ఒంట్లో తలదాచుకున్న ప్రతి వైరస్సూ తన రాకపోకల వివరాలను బీమా కంపెనీకి ముందుగా తెలియజేయాలన్నది నాగరిక సమాజపు మొదటి సూత్రం. విజయేందర్ ఒంట్లోని వైరస్ ఈ సూత్రాన్ని దారుణంగా ఉల్లంఘించింది.

విజయేందర్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్‌లో జావా చెబుతాడు. బ్లడ్ క్యాన్సర్ వస్తే అక్క నవీన తన మూలకణాలు ఇచ్చింది. మార్పిడి బ్రహ్మాండంగా జరిగింది. (అంటే మనిషి బతికాడు, రోగనిరోధక శక్తి మాత్రం పసిపిల్లాడి స్థాయికి వచ్చింది.) అది ఇంకా తప్పటడుగులు వేస్తుండగానే నుదుటి మీద, కుడికంటి చుట్టూ నీటిపొక్కులు లేచాయి. సర్పి. చిన్నప్పుడు ఆటలమ్మగా వచ్చిన వైరసే నరాల్లో నక్కి ఉండి, ఇప్పుడు కాపలా లేదని బయటికొచ్చిందని డాక్టర్ మంజూష చెప్పింది. "ఇవాళే ఇంజెక్షన్లు మొదలుపెట్టాలి. ఆలస్యమైతే ఆ కన్ను దక్కదు" అని కూడా చెప్పింది. ఆసుపత్రి మందుల కౌంటర్ వారు ఈ అభిప్రాయాన్ని పూర్తిగా గౌరవిస్తూ, బీమా అనుమతి రాగానే మందు ఇస్తామన్నారు.

అనుమతి రాలేదు. తల్లి రుద్రమ్మ మెట్రో ఎక్కి, ఒక్క స్టేషన్ అవతల పంజాగుట్టలో చీరల షాపు పైనున్న బీమా ఆఫీసుకు పోయింది. అక్కడ పూర్వరోగ నిర్ధారణాధికారి వీరవెంకటసత్యనారాయణ గారు కొలువై ఉంటారు. (ఆయన పేరు పూర్తిగా పలికేలోగా టోకెన్ గడువు ముగిసిన సందర్భాలున్నాయి.)

"ఏంటమ్మా, మీ అబ్బాయికి చిన్నప్పుడు ఆటలమ్మ వచ్చిందా?"

రుద్రమ్మ భక్తిగా చేతులు జోడించింది. "వచ్చింది సారూ. అమ్మోరు ఒళ్లంత నిండుగ పోసింది. యాపాకుల మీద పండవెట్టి, నైవేద్యం వెట్టి సాగదోలినం."

అధికారి గారు కలానికి క్యాప్ పెట్టేశారు. జబ్బు బాల్యం నుంచే ఉన్నదన్నమాట. పాలసీ తీసుకునేటప్పుడు దాచారన్నమాట. కాబట్టి దరఖాస్తు చెల్లదు.

"అమ్మోరు అప్పుడే పోయింది గద సారూ!"

"పోలేదమ్మా. నరాల్లో ఉందని మీ డాక్టరు గారే రాశారు."

"మరి ఇన్నేండ్లు సప్పుడు జేయనిది గిప్పుడెందుకు లేసింది? ఒంట్ల బలం లేకనే గద?"

"ఆ బలం మీ అమ్మాయి గారిచ్చింది. ఆవిడ పేరు పాలసీలో లేదండీ."

(వైరస్ పాతది కనుక చెల్లదు. రోగనిరోధక శక్తి మరొకరిది కనుక చెల్లదు. ఈ రెంటినీ తీసేయగా మిగిలిన విజయేందర్‌కు మాత్రం సంపూర్ణ రక్షణ ఉంది.)

ఆయనా మనసున్న మనిషే. గొంతు తగ్గించి, "అసలు ఆటలమ్మే రాలేదని చెప్పండి, పాస్ చేసేస్తాను" అన్నారు.

రుద్రమ్మ కుర్చీలోంచి దిగ్గున లేచింది. "అమ్మోరు రాలేదని ఎట్ల జెప్త సారూ? కండ్లు పోతయి!"

అన్నాక కొడుకు కుడికన్ను గుర్తొచ్చింది. మళ్లీ కుర్చీలో కూర్చుంది.

"రాలేదు. రాసుకో సారూ. పోతే నా కండ్లు పోనీ" అంటూ లెంపలేసుకుంది. ఇది రాస్తుంటే నాకు ఒళ్లు మండుతోంది. కానీ సదరు విభాగం నియమావళిలో ఒళ్లుమంటకు గడి లేదు.

అనుమతి తక్షణమే మంజూరైంది. ఇక రోగి తన ముఖాన్ని బీమా కంపెనీ యాప్‌కు ఒక్కసారి చూపిస్తే చాలు, మందు విడుదలవుతుంది. నవీన తమ్ముడి మంచం పక్కన ఫోన్ పట్టుకుని నిలబడింది. కుడి రెప్ప ఉబ్బి కంటిని పూర్తిగా కప్పేసింది.

"జర తెరువురా తమ్మీ."

"తెరుస్తున్ననే అక్కా, రెప్ప లేస్తలేదు" అన్నాడు విజయేందర్ పళ్లు బిగించి.

యాప్ ఎంతో మర్యాదగా జవాబిచ్చింది: "మీ కన్ను మూసి ఉన్నందున మీరు నిద్రపోతున్నట్టు గుర్తించాం. లేచాక మళ్లీ ప్రయత్నించండి."