పరిశీలకుడు ఎక్కిన పడవ

"ఈ ఏడాది మన ట్యూనా వలల్లో పడి ఒక్క డాల్ఫినూ చావలేదు. ఇకముందు చావడానికి ఈ ప్రభుత్వం అనుమతి కూడా ఇవ్వదు" అని మత్స్యశాఖ మంత్రిగారు సోమవారం ప్రకటించారు. ఎన్ని చచ్చాయో లెక్క వేయమని మంగళవారం ఆర్డరు పంపారు. ముందు జవాబు చెప్పి, తర్వాత ప్రశ్న అడిగే దార్శనికులు ఏ కాలంలోనైనా అరుదు.

ఆర్డరు అంచనాల విభాగానికి చేరింది. విభాగమంటే ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఏడేళ్లుగా కాంట్రాక్టులో నలుగుతున్న మనవాడు. పడవెక్కి చూసొచ్చే పరిశీలకుడూ తనే, చూసింది లెక్క కట్టేదీ తనే. ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు డైరెక్టరుగారి బల్లమీద ఉంది. "కొరివితో తల గోక్కోకండి" అని ఇంటావిడ రోజూ టిఫిన్ డబ్బా చేతికిస్తూ చెప్పేది.

ఏడాదిలో పడవలు నాలుగు వేల ట్రిప్పులు వేశాయి. మనవాడు వెళ్లింది ఒక్కదానికే. బకెట్టులో నీళ్లు కదిలినా కడుపులో తిప్పే మనిషి, రెండు రోజులూ పడవ అంచు పట్టుకుని వాంతులు చేసుకున్నాడు. అందరూ చేపల్ని చూస్తుంటే, తల వేలాడేసిన పుణ్యాన, వలలో ఊపిరాడక కొట్టుకుంటున్న డాల్ఫిన్ తన కళ్లబడింది. కాసేపటికి కొట్టుకోవడం మానేసింది. ఇంటికొచ్చాక వారం రోజులు అన్నం సయించలేదు. సముద్రం పడలేదని చెప్పుకున్నాడు గానీ, నిజానికి దుఃఖం.

ట్రిప్పుకి ఒకటి చొప్పున, నాలుగు వేల ట్రిప్పులకి నాలుగు వేలు. మూడో తరగతి పిల్లలకు వచ్చే లెక్క మనవాడికీ వచ్చింది, అదే చిక్కు.

డైరెక్టరుగారు కాగితం చూసి కళ్లజోడు తీశారు.

"అది నిజంగా చచ్చిందా?"

"చచ్చిందండి."

"డాక్టరు చూశాడా?"

"లేదండి."

"ముసలిదేమో. వలలో పడకపోయినా పోయేదేమో."

మనమూ అంతే కదండీ అనబోయి, ఇంటావిడ గుర్తొచ్చి "ఏమోనండి" అన్నాడు.

"సరే, సగం వేసుకో."

"సగం ఎలా చస్తుందండీ?"

"అంచనా కదయ్యా. అంచనాలో ఎంతైనా చావొచ్చు."

సగమైనా రెండు వేలు తేలింది. పావుకి దిగినా వెయ్యి. డైరెక్టరుగారు విసిగి పర్మనెంటు ఫైలు ముందుకు లాగారు. "రేపు నీ లెక్కా, ఇదీ కలిపే మంత్రిగారికి పెడతాను. తర్వాత నీ ఇష్టం."

ఆ సాయంత్రం మనవాడు పామూ చావకుండా, కర్రా విరగకుండా ఒక పట్టిక తయారు చేశాడు. హెచ్చవేతలు లేవు. పరిశీలకుడు లేని ట్రిప్పులు మూడు వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది, అందులో రిపోర్టయిన చావులు సున్నా. పరిశీలకుడు ఉన్న ట్రిప్పు ఒకటి, చావు ఒకటి. అబద్ధం ముక్క లేదు. చదువుకున్నవాడికి మోసం చేయడానికి అబద్ధంతో పనేముందని తన తెలివికి తనే మురిసిపోయాడు. తర్వాత సిగ్గేసింది. అయినా సంతకం పెట్టాడు.

గురువారం మంత్రిగారి సభ. మనవాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంటావిడని వెంటబెట్టుకుని, డైరెక్టరుగారి పక్కన కూర్చున్నాడు. మంత్రిగారు పట్టిక పైకెత్తి చూపించారు.

"పరిశీలకుడు లేని ఇన్ని వేల ట్రిప్పుల్లో ఒక్క డాల్ఫినూ చావలేదు. ఉన్న ఒక్క ట్రిప్పులో చచ్చింది. అంటే వాటి ప్రాణాలు తీస్తున్నదెవరో సైన్సు తేల్చేసింది. అందుకే ఈ క్షణం నుంచి పరిశీలకుడి పోస్టునీ, అంచనాల విభాగాన్నీ రద్దు చేస్తున్నాను."

హాలంతా లేచి నిలబడింది. "చూశావా, నీ లెక్క ఎంత శ్రద్ధగా చదివారో" అన్నారు డైరెక్టరుగారు, వీపు తట్టి.

మనవాడు కూడా లేచి చప్పట్లు కొడుతూ, పట్టికలో తప్పు కోసం వెతికాడు. ఒక్కటీ దొరకలేదు.