ఒక్క లీటరు దూరం

ఆ ఆదివారం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే కారు ప్లగ్గులు తుడవాలి. అరగంట పని. తర్వాత పడుకోవాలి.

కారుకి ఇరవై ఆరేళ్ళు. సిగ్నలు దగ్గర ఆగితే చలిజ్వరం వచ్చినట్టు వణికేది. పెట్రోలు మాత్రం ఆరోగ్యంగా తాగేది. లీటరుకి తొమ్మిది కిలోమీటర్లు దాటి ఎన్నడూ పోలేదు. సాయంత్రం నాలుగింటికి పాత ఇనుప సామాన్ల వ్యాపారి వచ్చి దాన్ని పట్టుకుపోతానన్నాడు. అతన్ని రమ్మన్నది దర్జీ కాదు, దర్జీ భార్య.

"లీటరుకి పన్నెండు చూపించండి, రావద్దని ఫోన్ చేసేస్తాను. లేదంటే కుట్టిన బట్టలన్నీ మా తమ్ముడి స్కూటరు వెనక కూచుని పోయి ఇచ్చి రండి," అందావిడ.

దర్జీకి స్కూటరంటే భయం లేదు. నడిపే బావమరిది అంటే భయం. అతను మలుపు మలుపుకీ వెనక్కి తిరిగి సలహా చెబుతాడు. ముందుకి చూడడు.

"నాలుగింటిలోగా బాగుచేస్తా," అన్నాడు దర్జీ. ఆ వారంలో ఆయన మాట్లాడిన పెద్ద వాక్యం అదే.

బానెట్టు ఎత్తాడు. నాలుగు ప్లగ్గులు, నాలుగు తీగెలు. ఏ తీగె ఏ ప్లగ్గుదో మరిచిపోతే కష్టం. అందుకని కొట్లో వాడే సుద్దతో మొదటి తీగె మీద ఒక గీత, రెండోదాని మీద రెండు, అలా గుర్తులు పెట్టాడు. ప్లగ్గులు పీకి, పెరట్లో కూచుని గరుకు కాగితంతో రుద్దాడు. తిరిగొచ్చేసరికి తీగెలు తళతళ మెరుస్తున్నాయి. పక్కన భార్య తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది.

"గీతలన్నీ తుడిచేశానండీ."

"ఎందుకు?"

"ఎందుకేమిటి? ఇరవై ఏళ్ళుగా కొట్లో నా పని అదేగా! కుట్టడం అయ్యాక సుద్ద కనబడితే మీరు ఊరుకుంటారా?"

దర్జీ ప్లగ్గులు మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు.

అప్పుడే బావమరిది తెల్లచొక్కా వేసుకుని దిగాడు. నాలుగు తీగెల్ని ఇరవై నాలుగు రకాలుగా తగిలించవచ్చని లెక్క కట్టి చెప్పాడు. దర్జీ ఒకటో రకంతో మొదలుపెట్టాడు. పన్నెండో రకానికి కారు వెనకనుంచి ఢామ్మని పేలింది. సలహా బాగా వినబడాలని బావమరిది సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నాడు. చొక్కా నిండా మసి.

"బావా! కావాలనే చేశావు!"

"లేదు. పదమూడోది చూద్దాం."

పదిహేడో రకానికి కారు స్టార్టయింది. వణుకు మాత్రం అలాగే ఉంది. ఇక మిగిలింది గాలి ఫిల్టరు. దులుపుదామని దాన్ని ముందే పీకి గట్టు మీద పెట్టాడు. ఇప్పుడు గట్టు మీద లేదు.

"నల్లగా ఉంటే వాడి చొక్కాతో పాటు నానబెట్టి ఉతికేశానండీ," అంది భార్య. "ఒకటే మడతలు. ఇస్త్రీ కూడా చేశాను."

కాగితం ఫిల్టరు. మడతలే దాని ప్రాణం. ఇప్పుడది దుప్పటిలా చదునుగా ఉంది.

"కొత్తది పట్రా," అన్నాడు దర్జీ బావమరిదితో.

"చొక్కా లేకుండానా?"

దర్జీ కొట్లోంచి ఒక చొక్కా తెచ్చిచ్చాడు. దానికి ఇంకా ఎడమ చెయ్యి కుట్టలేదు.

"ఇదేంటి బావా, ఒంటిచేతి చొక్కా!"

"ఫిల్టరు బరువుండదులే. పో."

అతను వెళ్ళాక ఇంజను దగ్గర సన్నగా బుస వినిపించింది. ఫిల్టరు లేని ఖాళీలోంచి తొంగి చూస్తే వెనక ఒక రబ్బరు గొట్టం కనిపించింది. దాని చివర చీలిక. ఇంజను ఇన్నాళ్ళూ అక్కణ్ణుంచి దొంగగాలి పీలుస్తోందన్నమాట. దర్జీ పెద్ద కత్తెర తెచ్చి చీలినంత మేర కత్తిరించాడు. మిగిలిన గొట్టాన్ని లాగి తొడిగి, మైనపు దారంతో ఏడు చుట్లు చుట్టి ముడేశాడు. వణుకు ఆగిపోయింది.

భార్య బానెట్టు మీద చెయ్యి పెట్టి చూసింది. "ఆగిపోయిందాండీ?"

"నడుస్తోంది."

కొత్త ఫిల్టరు వచ్చింది, బిగించాడు. రెండున్నర అయింది. బావమరిది మాత్రం ఒప్పుకోలేదు.

"వణుకు తగ్గితే సరా? మైలేజీ ఏదీ?"

సరే, పరీక్ష పెట్టారు. ట్యాంకులో ఉన్నదంతా డబ్బాలోకి దించేశారు. సీసాతో కొలిచి ఒక్క లీటరు పోశారు. దూరం లెక్కపెట్టే ట్రిప్ మీటరు సున్నాకి తిప్పారు.

"డబ్బా కారులో పెట్టకు బావా. దారిలో పోసేసుకుంటావు. నిన్ను నమ్మను."

డబ్బా ఇంట్లో ఉంచి ముగ్గురూ ఎక్కారు. ఊరు దాటారు. మీటరు తొమ్మిది దాటింది. బావమరిది సలహాలు ఆపాడు. పన్నెండు దాటింది. భార్య సంతోషంగా వ్యాపారికి ఫోన్ చేసింది. అతను ఎత్తలేదు. పదమూడు దగ్గర పెట్రోలు బంకు కనిపించింది.

"గెలిచారుగా, కొంచెం పోయించుకుని ఇంటికి తిప్పండి."

"పోస్తే లెక్క చెడుతుంది. ఆగేదాకా పోవాల్సిందే."

ఆగింది. పదహారో కిలోమీటరు దగ్గర. అటూ ఇటూ ఖాళీ నేల. అప్పుడు వ్యాపారి ఫోన్ చేశాడు.

"మీ ఇంటి ముందే ఉన్నానమ్మా. కారేదీ?"

"కారు బాగుపడిందండీ. ఇంక అమ్మం."

"మంచిదమ్మా. ఎక్కడుంది?"

"రోడ్డు మీద ఆగిపోయింది."

"బాగుపడిన కారేనామ్మా?"

పాపం, మంచివాడు. లారీ వేసుకుని వచ్చాడు.

"పెట్రోలు తెచ్చావా?" అన్నాడు దర్జీ.

"తాడు తెచ్చాను మాస్టారూ. నేను పోయేచోట పెట్రోలు ఎవరూ అడగరు."

కారు లారీ వెనక కదిలింది. దర్జీ స్టీరింగు పట్టుకున్నాడు. బంకు దగ్గర లారీ నెమ్మదించింది. భార్య కిటికీలోంచి తల బయటపెట్టి కేకేసింది.

"ఆపకు నాయనా! పోనియ్! పోస్తే ఈయన లెక్క చెడుతుంది!"

బావమరిది చొక్కాకి ఉన్న ఒక్క చేతినీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. లారీ తాడుకి కట్టిన కారు వీధిలోకి వస్తుంటే జనం గుమ్మాల్లోకి వచ్చి జాలిగా చూశారు. ఇంటి ముందు తాడు విప్పి, వ్యాపారి ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు.

ట్రిప్ మీటరు ముప్పై రెండు చూపిస్తోంది. లీటరుకి అంత ఇచ్చే కారు ఆ వీధిలో ఇంకొకటి లేదు.