ముహూర్తం పెట్టిన కాన్పు

కడుపు కోసి బిడ్డను తీయడమంత గొప్ప సౌకర్యం ఈ భూమ్మీద ఇంకొకటి లేదని నేను ఘంటాపథంగా చెబుతున్నాను. ఎవరికైనా సందేహముంటే మిర్యాలగూడ రమ్మనండి, వాదనకు సిద్ధంగా ఉన్నాను. కోసేది నా కడుపు కాదు కనుక ఈ విషయంలో నాకంటే నిష్పక్షపాతంగా ఎవరు మాట్లాడగలరు?

మీరే ఆలోచించండి. మన తాతల కాలం నుంచీ కాన్పు ఎంత మర్యాద తెలియని వ్యవహారమో! ఏకాదశి అనదు, అమావాస్య అనదు. విస్తరి ముందు కూర్చున్నప్పుడు వస్తుంది, సూర్యాపేట బస్సులో నిలబడినప్పుడు వస్తుంది. ఇంట్లో మగవాడికి చొక్కా గుండీలు పెట్టుకునే వ్యవధైనా ఇవ్వదు. అదే ఆపరేషన్ అయితే? తేదీ ఉంటుంది, టైము ఉంటుంది, పెళ్లికున్నంత పద్ధతి ఉంటుంది!

ఈ సౌకర్యం మా అన్న కొడుకు నాగేశ్వర్ రావు ఇంట్లో ఈమధ్యే అమలు జరిగింది. అతనికి మిర్యాలగూడలో రైసుమిల్లు ఉంది. భార్య పుష్పలత కోదాడ పిల్ల. మొదటి కాన్పుకు పుట్టింటికి వెళ్లి మూడు రోజులు నొప్పులు పడింది. బిడ్డ దక్కలేదు, తల్లి దక్కడమే గొప్ప అన్నారు. అందుకే ఈసారి డాక్టరమ్మ ముందుగానే తేల్చేసింది.

"నొప్పులు వచ్చేదాకా ఆగేది లేదు. ఆపరేషనే. నెలాఖరు వారంలో ఏ రోజైనా నాకు ఫరవాలేదు. తేదీ మీరే చెప్పండి" అంది.

తేదీ మీరే చెప్పండి! పుష్పలత అత్తగారు, అంటే మా వదిన కనకమ్మ, జన్మలో ఇంత తియ్యటి మాట విని ఉండదు. పెళ్లికి ముహూర్తం పెట్టింది, మిల్లుకు పెట్టింది, బర్రెను కొనడానికి పెట్టింది. ఏకంగా పుట్టుకకే ముహూర్తం పెట్టే అధికారం ఆమె చేతికి వచ్చింది. ఆ సాయంత్రమే పంతులు గారు పంచాంగంతో దిగారు. సోమవారం పది గంటల పన్నెండు నిమిషాలకు బిడ్డ బయటపడితే జిల్లా కలెక్టరు ఖాయమన్నారు. పదిన్నర దాటితే యమగండం కనుక తాసిల్దారు దగ్గరే ఆగిపోవచ్చునట.

పుష్పలత తలుపు పక్కన కూర్చుని కడుపు మీద చెయ్యి పెట్టుకుని వింటోంది. కలెక్టరు సంగతి తర్వాత. ఈసారి బిడ్డ ఏడుపు తన చెవులతో తాను వింటుందా లేదా, అదొక్కటే ఆమెకు కావాలి. ఆ భయంతో నెల రోజులుగా ఆమెకు అన్నం సయించడం లేదు. అది ఏ పేజీలో ఉందో పంతులు గారు వెతకలేదు, వెతకమని అడిగినవాళ్లూ లేరు.

ఇక కార్డులు! నాలుగు మూలలా పసుపు పూసిన పోస్టు కార్డులు. "మా కోడలు చి.ల.సౌ. పుష్పలతకు సోమవారం ఉదయం గం. 10-12 ని.లకు శస్త్రచికిత్స జరిపించుటకు పెద్దలు నిశ్చయించినారు. కావున తామెల్లరు సకుటుంబముగా ఒకరోజు ముందుగానే విచ్చేసి..." అంటూ రాయించారు. రాసింది నేనే! ఇంట్లో రచయిత ఉండగా బయటి వాళ్లెందుకు? సూర్యాపేట, కోదాడ, హుజూర్‌నగర్‌లలో మాకున్న బంధువులందరికీ అందాయి.

డాక్టరమ్మ కూడా ఒక చీటీ రాసిచ్చింది. పాత మెత్తటి చీరలు, ఫ్లాస్కు, డెట్టాలు, ఇలా పోయి పోయి ఆఖరు వరుసలో ఇంకొకటి ఉంది: రక్తం ఒక సీసా, గ్రూపు కలిసే మనిషిని ముందే చూసుకోవాలి, అది చేతికి రానిదే కత్తి పట్టను. నాగేశ్వర్ రావు లారీ కాగితాన్ని మూడుసార్లు చదివే మనిషి. ఈ చీటీని కూడా మూడుసార్లు చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నలభై మంది వస్తున్నరు. నలభై ఒంట్లల్ల ఒక్క సీసెడు రక్తం దొరకదా?" అన్నాడు.

"ముందే ఒక్కమాట అడిగితే బాగుంటుందేమోనండీ" అంది పుష్పలత.

"శుభమా అని పిలుసుకుంట రక్తం అడుగుతరా ఎవరన్న? జర ఆలోచించు."

నిజమే కదా! మర్యాద అనేదొకటి ఉంటుంది.

ఆదివారానికే నలభై మందీ దిగారు. సోమవారం పొద్దున్నే దవాఖాన వరండాలో జంపఖానాలు పరిచారు. వంటవాడు వేపచెట్టు కింద పొయ్యి పెట్టాడు. ఇంటికి పాలు పోసే ముత్తమ్మ రెండు బిందెలు పాలు తెచ్చి, అవి అయిపోతే మళ్లీ రెండు తెచ్చింది. ముత్తమ్మ వాళ్లకు ఊరి బయట గొర్లు, బర్రెలు ఉన్నాయి. హుజూర్‌నగర్ పెద్దమ్మ ఒకావిడ నర్సును పట్టుకుని, లోపల ఆడవాళ్లను ముందు కూర్చోబెడతారా మగవాళ్లనా అని అడిగింది. ఇంకొకాయన, ముహూర్తం టైములో బాజా మోగించవచ్చునా అన్నాడు. మా వదినకు డాక్టరమ్మతో పట్టుచీర దగ్గర తగాదా వచ్చింది. శుభకార్యానికి ఆకుపచ్చ గౌనేమిటని!

కిటికీ పక్క మంచం మీద పుష్పలత కూర్చుంది. ముందు రోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు లేవు. నోరు పిడచకట్టుకుపోతోంది. ఎదురుగా ముప్పై మంది పకోడీలు తింటున్నారు. అంత భయంలోనూ ఆమెకు నవ్వు ముంచుకొచ్చింది.

తొమ్మిదిన్నరకు డాక్టరమ్మ వరండాలోకి వచ్చి, "రక్తం ఇచ్చేవాళ్లు ఎవరండీ?" అంది. వెనకే కాంపౌండరు జవహర్ సూది, గాజు పలకలు పట్టుకుని నిలబడ్డాడు.

నలభై మందీ ఒక్కసారే తమ తమ చెప్పుల వైపు చూశారు!

నాగేశ్వర్ రావు చేయి చాచాడు. కలవలేదు. పుష్పలత తండ్రి చాచాడు. కలిసింది గానీ ఆయనకు రెండు నెలల కిందటే కామెర్లు, వద్దన్నారు. మా వదినకు షుగరు. నర్సు దగ్గర రక్తం తీద్దామంటే ఆపరేషనుకు ఉన్నది ఆ ఒక్క నర్సే. మిగిలిన వాళ్ల కోసం జవహర్ తలెత్తి చూసేసరికి ఖాళీ జంపఖానాలే కనిపిస్తున్నాయి.

పుష్పలత కిటికీలోంచి అంతా చూసింది. బాజా మోగిస్తానన్నాయన రిక్షా ఎక్కుతున్నాడు. ఒకాయనకు కోదాడలో తాళం వేయని బీరువా గుర్తొచ్చింది. ఇద్దరు అన్నదమ్ములు, పదేళ్లుగా మాటల్లేని వాళ్లు, ఒకరి భుజం మీద ఒకరు చేతులేసుకుని గేటు దాటారు. పంతులు గారు గుడికి వెళ్లారు. పెద్దమ్మ గారు నలుగురు కొడుకులనూ వెంటబెట్టుకుని, "పిలగాండ్లు నీరసంగున్నరు, ఇంత టిఫిన్ పెట్టిస్త" అని బయల్దేరింది. పకోడీలు ఆ నలుగురి చేతుల్లోనే ఉన్నాయి. పుష్పలతకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

నేనెక్కడున్నానని అడుగుతారేమో. నేను రచయితను. దేశానికి నాతో పని ఉంటుంది. సూర్యాపేట బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది.

పది గంటల పన్నెండు నిమిషాలు వచ్చింది, పోయింది. సీసా ఖాళీగానే ఉంది. మత్తు డాక్టరు నల్లగొండ నుంచి వచ్చాడు, ఒంటిగంట బస్సుకు తిరిగి పోవాలి. రేపటికి ఆపితే ఈలోగా నొప్పులు మొదలుకావచ్చునని, అప్పుడిక తన చేతిలో ఏమీ ఉండదని డాక్టరమ్మ నాగేశ్వర్ రావుతో చెప్పేసింది. అతను వరండా మెట్ల మీద కూలబడ్డాడు. పాల బిందెల కోసం నిలబడ్డ ముత్తమ్మ వచ్చి ఏమైందని అడిగింది. చెప్పాడు.

"గంతేనా? నాది సూడరాదు?" అని ముత్తమ్మ జవహర్ ముందు వేలు పెట్టింది.

కలిసింది! నాగేశ్వర్ రావు లేచి నిలబడ్డాడు. కానీ మా వదినకు ఒక ధర్మసందేహం వచ్చింది. వేలెడు ఉల్లిగడ్డ కూడా శనివారం ముట్టని ఇల్లు ఆమెది.

"ముత్తమ్మా, నిన్న ఏం తిన్నవ్?"

ముత్తమ్మ మొహమాటపడింది. "నిన్న ఐతారమాయె గదమ్మా."

మా వదిన కళ్లు మూసుకుంది. ముత్తమ్మ ఇంట్లో ఐతారం నాడు ఏం ఉడుకుతుందో ఆమెకు తెలుసు. లోపల కోడలు ఉంది. ఏ దేవుడితో ఏం మాట్లాడుకుందో గానీ కళ్లు తెరిచి, "కానియ్ బిడ్డా, జల్ది కానియ్" అంది.

పదకొండుంబావుకు బిడ్డ ఏడ్చింది. ఆడపిల్ల. మత్తులో, ఎక్కడో దూరంగా, పుష్పలత ఆ ఏడుపు విన్నది. కలేమోనని భయపడి నర్సు కొంగు పట్టుకుని మూడుసార్లు అడిగిందట. ఆ సీసాలో రక్తం బొట్టు మిగలకుండా ఆమె ఒంట్లోకి ఎక్కింది. అది లేకపోతే ఈ తల్లి ఉండేది కాదని డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ చెప్పింది. గుడి నుంచి తిరిగొచ్చిన పంతులు గారు గోడ గడియారం వైపు చూసి, ఇది గంట ముందుకు నడుస్తోందని, జాతకానికి ఢోకా లేదని ప్రకటించారు.

ఇక కోలుకోవడం! అదైతే మరీ వేడుక. డాక్టరమ్మ మంచినీళ్లు బాగా తాగమంది. బాలింతకు నీళ్లా అని మా వదిన గ్లాసు దాచింది. డాక్టరమ్మ రెండో రోజే లేచి నడవమంది. మా వదిన చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి, కదిలితే ఒట్టంది. డాక్టరమ్మ వచ్చే వేళకు పుష్పలత నడిచేది, ఆమె పోగానే పడుకునేది, ఇద్దరూ లేనప్పుడు నీళ్లు తాగేది. కుట్ల మీద నడికట్టు కట్టబోతే మాత్రం గట్టిగా అరిచింది. ఆ అరుపుకు మా వదినే దడుచుకుని గుడ్డ మడిచేసింది.

పరామర్శకు వచ్చిన వాళ్లందరిదీ ఒకటే మాట.

"అదృష్టమంటే నీదే పిల్లా! నొప్పి లేదు, గిప్పి లేదు. పండుకున్నవ్, లేసినవ్, బిడ్డ ఒళ్లె ఉన్నది!"

దగ్గితే కుట్లు, తుమ్మితే కుట్లు, నవ్వితే మరీ కుట్లు. పుష్పలత పొట్ట మీద తలగడ అదిమిపెట్టుకుని, "అవునత్తయ్యా" అనేది. ఆ రోజు ఎక్కడికి వెళ్లారని ఒక్కరినీ అడగలేదు. అడగకుండానే అందరూ చెప్పారు.

ఇరవై ఒకటో రోజు, అంటే ఇవాళ ఆదివారం, బిడ్డను ఉయ్యాలలో వేసే తొట్టెల పండగ. నలభై మందీ మళ్లీ దిగారు. భోజనానికే కదా! నేనూ దిగాను. ఇక్కడే మన శాస్త్రీయ సౌకర్యం గురించి నాకొక చిన్న అనుమానం వచ్చింది. వేళాపాళా లేకుండా నొప్పులు వచ్చే కాలంలో పక్కింటామె చేతిపని వదిలేసి పరుగెత్తుకొచ్చేది. చాకలామె వచ్చేది, మంత్రసాని వచ్చేది. ఎందుకు రాకూడదో ఆలోచించుకునే టైము ఎవరికీ ఉండేది కాదు. తేదీ పెట్టి నెల రోజులు ముందు చెప్పారు కనుకనే కదా మాకు సాకులు ఇంత బాగా కుదిరాయి?

పన్నెండింటికి విస్తళ్లు వేశారు. పులిహోర, బూరెల వాసన ఇల్లంతా కమ్మింది. లేచి వెళ్లబోతే వంటింటి పక్క గడపలో ఒక స్టూలు, స్టూలు మీద జవహర్, అతని చేతిలో సూది! పక్కన బిడ్డను ఎత్తుకుని పుష్పలత నిలబడింది.

"ఒక్క వేలు చూపించి లోపలికి రండి" అంది నవ్వుతూ.

మొన్న కుట్లు చూపించుకోవడానికి దవాఖానకు వెళ్లినప్పుడు ఈమెకు భూలి అనే తండా అమ్మాయి కలిసింది. ఆమెకూ ఆపరేషనే, తేదీ రేపు సోమవారం. ఆమెదీ పుష్పలత గ్రూపే. భర్త లింగ్యాది కలవలేదు, తండావాళ్లు ఇద్దరు ముగ్గురిది చూశారు, కలవలేదు. అడుగుదామంటే మిర్యాలగూడలో వాళ్లకు చుట్టాలు లేరు.

"నాకు నలభై మంది ఉన్నారని చెప్పి వచ్చాను" అంది పుష్పలత.

ముందుకు పోదామంటే సూది ఉంది. వెనక్కి పోదామంటే విస్తళ్లు లోపల ఉన్నాయి. అప్పుడు మా వదిన ముందుకు నడిచి వేలు చాచింది. తనకు షుగరున్న సంగతి ఆమెకూ తెలుసు, జవహర్‌కూ తెలుసు.

"ఊకె గుచ్చు. ముందుగాల ఇంటి పెద్దది గుచ్చినంక ఎవలు రారో నేను సూస్త" అంది.

వరుస కదిలింది. నా వంతు వచ్చింది. జవహర్ గాజు పలక మీద నా రక్తపు చుక్కను కాసేపు అటూ ఇటూ తిప్పి పుష్పలత వైపు చూశాడు.

"మీదీ నాదీ ఒకటే గ్రూపు చిన్నమామయ్యా!" అంది ఆ పిల్ల.

ఆ గొంతులో కోపమేమైనా ఉంటే నాకు బాగుండేది. ఏమీ లేదు. సంతోషం తప్ప.

రెండు బూరెలు తిన్నాను. మూడోది విస్తట్లోనే వదిలేశాను. రేపు పొద్దున ఆరింటికి సూర్యాపేటకు మొదటి బస్సు ఉంది. దవాఖానలో తొమ్మిదింటికి పిలుస్తారట. రెండూ ముందే తెలియడం వల్ల వచ్చిన చిక్కు చూశారా! భోజనమయ్యాక, ఊరికే అలా బస్టాండు దాకా నడిచొద్దామని వాకిట్లోకి వచ్చాను. నా చెప్పులు లేవు. చూరు కింద వెతికాను, బావి దగ్గర వెతికాను. పుష్పలతను పిలిచి అడిగాను.

బిడ్డను భుజాన వేసుకుని జో కొడుతూనే చెప్పింది.

"మంగళవారం దొరుకుతాయి లెండి, చిన్నమామయ్యా."