డ్రైనేజీ ప్రసంగానికి అశేష ఆదరణ

“ఈ రోజు నుంచి ఛత్రినాకలో ఏ ఇంట్లో ఏ ఫోన్ తెరిచినా మొదట నేనే కనిపిస్తాను. ఇది నా కోరిక కాదు, ప్రజల కోరిక” అని మా బస్తీ నాయకులు శ్రీ విఠల్‌రావు గారు ఆదివారం పొద్దున పార్టీ ఆఫీసు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ప్రజల తరఫున చప్పట్లు కొట్టడానికి ఆ సమయానికి ముగ్గురం ఉన్నాం. ఒకరు ఆయన డ్రైవరు, ఇంకొకరు మేనల్లుడు సాగర్, మూడోవాణ్ని నేను. నాది మైకు సెట్లు, కుర్చీలు కిరాయికిచ్చే దుకాణం. చప్పట్లు కిరాయిలో కలిసే ఉంటాయి.

ఇంత పెద్ద ప్రకటన ఊరికే రాలేదు. కార్పొరేటర్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఈసారి ఫ్లెక్సీలు చూసి టికెట్ ఇవ్వం, ఎవరి వీడియోను జనం చూస్తున్నారో వాళ్లకే ఇస్తాం అని పార్టీ పెద్దలు కబురు పంపారు. విఠల్‌రావు గారి దగ్గర ఒకే ఒక వీడియో ఉంది. మా గల్లీలో మాణిక్యమ్మ అనే ఆమె ఇంటి ముందు పొంగుతున్న మ్యాన్‌హోల్ పక్కన నిలబడి ఆయన చేసిన డ్రైనేజీ ప్రసంగం అది.

ఆ మహత్తర ప్రసంగానికి మైకు పెట్టిన భాగ్యం నాదే. “సోదర సోదరీమణులారా, ఈ చారిత్రక మ్యాన్‌హోల్‌ను చూస్తుంటే నా హృదయం కూడా పొంగుతోంది” అని మొదలవుతుంది. తర్వాత గంటసేపు ఎక్కడా గొంతు పెరగదు, తగ్గదు. సీలింగ్ ఫ్యాను తిరిగినట్టు సాగుతుంది. నేను ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ని, వాక్యం ఎక్కడ ఆగాలో నాకంతగా తెలియదు. ఆ విషయంలో ఆయనా నాకు సమానమే అని ఆ రోజు గర్వపడ్డాను. చివర్లో, ఈ మురుగు మోరిని రెండు రోజుల్లో బాగు చేయిస్తానని ఒక మాట ఉంది. బస్తీలో ఆ మాట దాకా విన్నది ఇద్దరమే. ఒకటి నేను, రెండోది నా ఆంప్లిఫయర్.

వీడియో పెట్టి వారమైనా, చూసినవాళ్లు పైన చెప్పిన ముగ్గురమే.

“ఏంరా సాగర్, జనాలకు నా వీడియో ఎందుకు పోతలేదు?”

“ఆల్గారిదం పంపుతలేదు మామా.”

“ఎవడు వాడు? ఏ పార్టీ మనిషి? పా, పోయి ఒక శాలువా కప్పొద్దాం.”

“మనిషి కాదు మామా, మిషన్ లెక్క. మనం దేని మీద ఎక్కువసేపు ఆగుతమో గసొంటిదే మళ్ల చూపెడతది. నడిమిట్ల తీసేస్తే నచ్చలేదనుకొని పక్కకు పెడతది. ఆఖరి దాంక చూసినమనుకో, మస్తు నచ్చిందని ఇంక పది మందికి పంపుతది.”

“ఎందుకు చూసిండ్రో అడుగుతదా?”

“అడగది. ఎంతసేపు చూసిండ్రో, గంతే.”

విఠల్‌రావు గారి ముఖం వెలిగింది. “కారణం అడగకుండ లెక్క తీసుకుంటదా? గిది మన హైకమాండ్ లెక్కనే ఉంది కదరా!”

మర్నాటి నుంచి ఆఫీసులో కొత్త విధానం అమలైంది. పింఛనుకో, బడి సీటుకో, ఆస్పత్రికో సిఫార్సు చిట్టీ కావాలని వచ్చిన ప్రతి ఒక్కరూ ముందు డ్రైనేజీ ప్రసంగాన్ని ఆఖరు దాకా పెట్టాలి. గుమ్మం దగ్గర సాగర్ ఫోన్లు తనిఖీ చేస్తాడు. సంక్షేమాన్ని సాంకేతికతతో జోడించడం అంటే ఇదేనని విఠల్‌రావు గారు నాకు వివరించారు. ప్రజలు కూడా బాగా సహకరించారు. వీడియో పెట్టి ఫోన్‌ను ఒకరు బియ్యం డబ్బాలో ఉంచారు, ఒకరు దిండు కింద ఉంచారు, పాలవ్యాపారి మొగులయ్య బర్రెల కొట్టంలో మేకుకు తగిలించాడు.

అప్పుడే మాణిక్యమ్మ వచ్చింది. ప్రసంగంలో కథానాయిక లాంటి ఆ మ్యాన్‌హోల్ ఈమె గడప ముందే ఉంది. పత్తర్‌గట్టి దుకాణాలకు గాజుల మీద రాళ్లు అంటించి ఇవ్వడం ఆమె పని. కూతురు స్వరూప బట్టల షాపులో పనికి పోతే, ఆరు నెలల మనవరాలు షారోన్‌ను ఈమే చూసుకుంటుంది. మోరి పొంగిన దగ్గర్నుంచి పగలూ దోమలే. పిల్లకు నిద్ర లేదు. పిల్ల ఏడుస్తుంటే గాజుల పని సాగదు.

“అన్నా, నీకు దండం పెడత. మోరి ఇంట్లకొస్తుంది. పోరి కన్ను మూస్తలేదు. డ్రైనేజీ ఆఫీసోళ్లకు ఒక్క చిట్టీ రాసియ్యు.”

“వీడియో పెట్టినవా అక్కా?” అని సాగర్ అడ్డం వచ్చాడు.

“నా మోరి గురించి నేను ఫోన్ల జూసేదేంది బిడ్డా? వాకిట్ల లైవ్ నడుస్తుంది కద!”

“రూల్ రూలే అక్కా.”

మాణిక్యమ్మ తిట్టుకుంటూ ఇంటికి పోయి, ఫోన్‌ను షారోన్ తొట్టెల తాడుకు కట్టి ప్రసంగం పెట్టింది. “సోదర సోదరీమణులారా” దగ్గర పిల్ల ఏడుపు ఆపింది. “చారిత్రక మ్యాన్‌హోల్” దగ్గర ఆవలించింది. విఠల్‌రావు గారు నిజాం కాలం నాటి మురుగు వ్యవస్థలోకి దిగేసరికి గాఢంగా నిద్రపోయింది. దోమ వాలినా కదల్లేదు. ఆ రోజు మాణిక్యమ్మ ఎన్నడూ లేనన్ని గాజులు పూర్తి చేసింది.

మరునాడు ఆమెకు చిట్టీ దొరికింది. దాంతోపాటు నల్లా దగ్గర చెప్పడానికి ఒక సంగతీ దొరికింది. వారం తిరిగేసరికి మధ్యాహ్నం పూట మా గల్లీలో ప్రతి ఇంట్లోనూ విఠల్‌రావు గారి గొంతే వినిపించింది. ఒక్క పసిపిల్ల ఏడుపు లేదు. నేను ముందు కర్ఫ్యూ పెట్టారేమో అనుకున్నాను.

ఇదంతా ఆ ఆల్గారిదం మిషన్ గమనించింది. జనం ఆఖరు దాకా చూస్తున్నారు, అయిపోగానే మళ్లీ మొదటి నుంచి పెడుతున్నారు. ఇంత ప్రేమను అది ఏ నాయకుడి మీదా చూసి ఉండదు. వెంటనే ఊళ్లో ఉన్న బాలింతలందరికీ పంపింది. తర్వాత రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునే వాచ్‌మెన్లకు, ఆ తర్వాత నిద్ర మాత్రలు మింగే పెద్దవాళ్లకు పంపింది. విఠల్‌రావు గారి ముఖం పక్కన వాన చప్పుడు, రైలు చప్పుడు, జోలపాటల వీడియోలు కనిపించసాగాయి. చూసినవాళ్లు లక్షలు దాటారు.

సాగర్ కామెంట్లు చదివి వినిపించేవాడు. నేను వాడి భుజం మీదుగా చూసేవాణ్ని. ‘మా బాబు రెండో నిమిషానికే పడిపోయాడు, చాలా థాంక్స్ సార్’ అని ఉంటే, “చాలా థాంక్స్ సార్ అంటుండ్రు మామా” అనేవాడు. ‘పదేళ్లుగా నిద్ర లేదు, మీవల్ల బతికాను’ అని ఉంటే, “మీవల్ల బతికిన అంటుండు” అనేవాడు. అదే సంపాదకత్వం అంటే.

ప్రసంగానికి ముందు దోమల మందు ప్రకటన కూడా రావడం మొదలైంది. “చూసినవా, పెద్ద పెద్ద కంపెనీలోళ్లు నా ముందట వచ్చి నిలబడుతుండ్రు” అని విఠల్‌రావు గారు నాతో అన్నారు. కాదనడానికి ఏముంది?

పార్టీ పరిశీలకుడు సీతారాం గారు ట్యాబ్ పట్టుకుని స్వయంగా వచ్చారు. “విఠల్‌రావు గారూ, ఏ లీడర్నీ జనం అర నిమిషం కూడా చూడరు. మిమ్మల్ని చివరి దాకా చూస్తున్నారు. చూసినవాళ్లే మళ్లీ చూస్తున్నారు. ఏమిటండీ సీక్రెట్?”

“నిజాయితీ” అన్నారు విఠల్‌రావు గారు.

ఆ మ్యాన్‌హోల్ దగ్గరే ఆదివారం సభ పెట్టి టికెట్ ప్రకటించాలని నిర్ణయమైంది.

అయితే శనివారం ఒక ఆపద వచ్చిపడింది. మాణిక్యమ్మ తీసుకుపోయిన చిట్టీ పని చేసింది. డ్రైనేజీ ఆఫీసు నుంచి నిజంగానే మోరి తీసే మిషన్ బండి వచ్చేసింది. ఆమె ఆనందం పట్టలేక పనివాళ్లకు చాయ్ పోసింది. సాగర్ పరుగెత్తుకొచ్చాడు.

“మామా, మోరి బాగైతే మన వీడియో పాడైతది! పొంగని మోరి మీద స్పీచ్ ఏందని అవతలోళ్లు నవ్వుతరు. కొత్తది పెడితే మళ్ల ముగ్గురి కాడికెళ్లి మొదలు.”

విఠల్‌రావు గారు చెప్పులు కూడా వేసుకోకుండా గల్లీలోకి నడిచారు. మిషన్ ముందు నిలబడి చేతులు చాచారు. “ఇది చారిత్రక మోరి. ఎవ్వరు ముట్టద్దు!”

పనివాళ్లు చాయ్ తాగి వెళ్లిపోయారు.

ఆదివారం కుర్చీలన్నీ నిండాయి. పసిపిల్లల తల్లులు, వాచ్‌మెన్లు, ముసలివాళ్లు వచ్చారు. సీతారాం గారు టికెట్ ప్రకటించడానికి మైకు అందుకునేలోపే, ఏడుస్తున్న షారోన్‌ను భుజాన వేసుకుని మాణిక్యమ్మ స్టేజీ ఎక్కింది.

“ఏందన్నా, వచ్చిన మిషన్‌ను వాపస్ పంపుతవా? నీ వీడియో బతకాలె, నా మనవరాలు సావాలెనా? చెప్పు, గీ జనం ముందట చెప్పు!”

జనం లేచారు. “అడుగు మాణిక్యమ్మా, ఇడిచిపెట్టకు!” అని వెనకనుంచి ఎవరో అరిచారు. సీతారాం గారు టికెట్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. భయంలో విఠల్‌రావు గారి నోరు తనకు బాగా తెలిసిన పనే చేసింది.

“సోదర సోదరీమణులారా, ఈ చారిత్రక మ్యాన్‌హోల్‌ను చూస్తుంటే నా హృదయం కూడా...”

షారోన్ ఏడుపు ఆగింది. ముందు వరుసలో మిగతా పిల్లలూ ఆగారు. ఆయన నిజాం కాలంలోకి దిగేసరికి షారోన్ తల మాణిక్యమ్మ మెడ మీద వాలిపోయింది. మాణిక్యమ్మ ఎత్తిన వేలు అలాగే ఉండిపోయింది.

“ష్... లొల్లి చెయ్యకుండ్రి, పోరి పండుకుంది” అని ఒకామె లేచినవాళ్లను కూర్చోబెట్టింది. కూర్చున్నవాళ్ల తలలు ఒక్కొక్కటే వాలాయి. సీతారాం గారి గడ్డం ఛాతీని తాకింది.

విఠల్‌రావు గారు అందరినీ కలయజూశారు. ఆయన రాజకీయ జీవితంలో ఇంత నిశ్శబ్దంగా ఎవరూ వినలేదు. కళ్లు చెమర్చి, తుడుచుకోవడానికి ఒక్క క్షణం ఆగారు. షారోన్ కదిలి, మూలిగింది.

మాణిక్యమ్మ వేలు దించి, పిల్ల వీపు మీద జోకొడుతూ గుసగుసగా అంది. “అన్నా, ఆపకు.”

ఆయన్ని ఆపొద్దని అడిగిన మొదటి మనిషి ఆమే. ఆయన ఆపలేదు. మోరి నీళ్లు మెల్లగా మొదటి వరుస కుర్చీల కిందికి వచ్చాయి. వైరు తడిస్తే మైకు ఆగిపోతుందని, ఆ వైరును చేత్తో పైకెత్తి పట్టుకుని నిలబడ్డాను.