లోవమ్మ కోళ్లకు మంజూరైన కంచె

మానవజాతి నిప్పును కనిపెట్టింది, నాగలిని కనిపెట్టింది, పోస్టుకార్డును కనిపెట్టింది. కాని కోడిని స్వేచ్ఛగా తిరగనిస్తూనే పెరడు దాటకుండా ఉంచే శాస్త్రీయ పద్ధతిని కనిపెట్టింది మాత్రం మా నర్సీపట్నంలోనే. 1976లో, మూడు ప్రతుల్లో, ముద్రతో సహా. ఈ సంగతి లోకానికి తెలియకపోవడానికి కారణం నాలుగో ప్రతికి కార్బన్ కాగితం దొరక్కపోవడమే.

ఆ చరిత్రకు నేను సాక్షిని. మాటవరసకు కాదు, కాగితం మీద సాక్షిగా సంతకం పెట్టినవాణ్ణి. పేరు యాజులు, హైస్కూల్లో లెక్కల మాస్టారిని. కోడి తినని ఇంట పుట్టాను కనుక ఈ వ్యవహారంలో నాకు స్వార్థం ఉండదని కార్యాలయం వారు తేల్చారు. (వారికి మా తోటకూర మడి సంగతి తెలియదు.)

మా పక్కింట్లో లోవమ్మ ఉండేది. పెనిమిటి పోయాక పదకొండు కోళ్లూ, వాటి గుడ్లూ, అదే ఆమె బతుకు. అందులో నల్లపెట్ట పెద్దది. మిగతా వాటిలో సగం అది పొదిగి పైకి తెచ్చినవే. "ఇది నా పెద్దకూతురు, బాబూ. కడమవి దీని పిల్లలు" అనేది. శాస్త్రీయ పద్ధతి రాకముందు ఆమె కోళ్లను ఎలా కాపాడేదో చెబితే మీరు నవ్వుతారు. పొద్దున్నే గంప ఎత్తేది. సాయంత్రం గుప్పెడు నూకలు చల్లి "బ్బా బ్బా బ్బా" అనేది. కాలికి నీలం గుడ్డపీలిక కట్టి ఉన్నవన్నీ వచ్చేవి. గంప మూసేది. ఒక్క రూలు లేదు, ఒక్క ఫారం లేదు. అయినా కోళ్లు వచ్చేవి. ఎంత అజ్ఞానం!

చిక్కల్లా పగటిపూట. మా రెండు పెరళ్ల మధ్య ముళ్లకంచెలో ఒక సందు ఉంది. పదకొండూ ఆ సందులోంచి వచ్చి మా తోటకూర మడిలో సభ తీర్చేవి. "మీరు లెక్కల మాస్టారు కదా, మూడు మళ్లు వేస్తే ఒక్క కట్ట కూడా రాలేదు, ఇదేం లెక్కో చెప్పండి" అని మా ఆవిడ వర్ధనమ్మ రోజూ వాయించేది. నాలుగు తుమ్మకొమ్మలు తెచ్చి ఆ సందులో పెడితే సరిపోయేది. కాని నేను చదువుకున్నవాణ్ణి. లోవమ్మ పేరున దరఖాస్తు రాశాను.

అప్పుడే మా ఊళ్లో పెరటి కోళ్ల క్షేమ కేంద్రం అని ఒకటి వెలిసింది. కోళ్లున్న వారికి ఇనపవల ఉచితం. దానికి కంచెల పర్యవేక్షణాధికారి భానుమూర్తి గారు. వారి దగ్గర నీలం అట్ట రూళ్ల పుస్తకం ఉండేది. రెండో రూలులో నిర్వచనం: "స్వేచ్ఛాకోడి అనగా బయటికి పోగల శక్తి ఉండియు పోని కోడి." (అది 1976. ఆ ఏడాది ఆ నిర్వచనం కోళ్లకే పరిమితం కాదు గాని, మనం మాట్లాడుకుంటున్నది కోళ్ల గురించి.) తొమ్మిదో రూలు: "పగటిపూట వల తెరచిన యెడల మంజూరు రద్దు." ఈ తొమ్మిదో రూలు కాస్త గుర్తుంచుకోండి.

ఫారంలో ఒక గడి ఉంది. "ఏ జంతువు బెడద నుండి రక్షణ కోరుచున్నారు?" అని. ముంగిస అని రాయమంటావా అని లోవమ్మను అడిగాను.

"మా ఈదిలో ముంగిసలేవండి బాబూ? పుట్టి బుద్దెరిగి నాను సూణ్నేదు."

"పోనీ, బావురుపిల్లి?"

"అదీ లేదు. అబద్దం రాయకండి, మాస్టారూ. ఆఫీసు కాయితం గదా."

అంచేత గడి ఖాళీగానే వెళ్లింది. పని పూర్తయ్యాక అధికారే స్వయంగా చూసి నింపవచ్చునని రూలుందట.

మొదటి తనిఖీకి భానుమూర్తి గారు పన్నెండు గంటలకు వచ్చారు. వెంట ప్యూను గంగులు. కోళ్లు లేవు, ఊరు తిరగడానికి పోయాయి. "లేని కోళ్లను ఉన్నట్టు రాయలేం, సాయంత్రం దాకా ఉంటాం" అన్నారు వారు, అరుగు మీద దుప్పటి పరిపించుకుంటూ. పన్నెండు నుంచి సాయంత్రం దాకా ఉండే మనిషి మధ్యలో అన్నం తినాలి. ఆఫీసరు గడపలోకి వచ్చాక పప్పన్నం పెట్టి పంపితే ఆ ఇంటి పరువు వీధిలో పడుతుంది, మా వైపు ఆచారం అది. లోవమ్మ ఓ కోడిని పట్టి కోసింది. కొయ్యమని ఎవరూ అడగలేదు. "ఎందుకమ్మా శ్రమ" అని కూడా అన్నారు భానుమూర్తి గారు, చేతులు కడుక్కుంటూ.

సాయంత్రం లోవమ్మ నూకలు చల్లి పిలిచింది. కోళ్లు వచ్చాయి. భానుమూర్తి గారు వేలు పెట్టి లెక్కించారు. పది. దరఖాస్తులో పదకొండు.

"తేడా వస్తోంది మాస్టారూ" అన్నారు, నిజంగానే బాధపడుతూ. "సవరించి పంపండి. మళ్లీ వచ్చి చూస్తాం."

సవరించి పది అని రాశాను. మళ్లీ వచ్చారు. భోంచేశారు. సాయంత్రం లెక్కిస్తే తొమ్మిది.

నేను లెక్కల మాస్టారినని ముందే మనవి చేశాను. ఈసారి లోపలికి పోయేదాన్ని ముందుగానే తీసేసి ఎనిమిది అని రాశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. కాని ఆ రోజు పశువుల కాంపౌండరు గారిని కూడా వెంట తెచ్చారు. ఒక కోడి ఎంతమందికి చాలుతుంది? రెండు కోశారు. ఏడు తేలాయి.

నాలుగోసారి ఇద్దరి పేరా రెండు తగ్గించి అయిదు అని రాశాను. తీరా ఆ రోజు శనివారం. భానుమూర్తి గారు శనివారాలు నీచు ముట్టరు, పెరుగన్నం తిన్నారు. ఏడు కోళ్లూ నిక్షేపంలా నిలబడ్డాయి. "దరఖాస్తులో లేని కోళ్లు రెండు! ఇవెవరివి?" అని వారు కంగారుపడి, ఎవరివో తేలేవరకు కేంద్రం సంరక్షణలోకి తీసుకున్నారు. గంగులు వాటిని కాళ్లు కట్టి సైకిలు హేండిలుకు తగిలించాడు. మర్నాడు ఆదివారం. అవి ఎవరివో ఆదివారమే తేలిపోయిందని గంగులు తర్వాత చెప్పాడు.

తర్వాతి నాలుగు తనిఖీలూ, ప్రతిసారీ ఏదో ఒక తేడాతో, చకచకా జరిగిపోయాయి. కేంద్రం వారి కృషిని తక్కువ చేసి మాట్లాడను. ఆ రోజుల్లో మా తాలూకాలో అంత క్రమం తప్పకుండా పనిచేసిన కార్యాలయం ఇంకొకటి లేదు.

"ఎందుకమ్మా ప్రతిసారీ కోస్తావు?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను.

"ఏటి సేత్తాను బాబూ! సగం పనయ్యాక ఇప్పుడు కోపం తెప్పిత్తే, పోయిన కోళ్లూ పోతాయి, వొలా రాదు. వొలొచ్చీనాక నల్లపెట్ట పిల్లల్ని తీత్తాది. మళ్లీ పెరుగుతాయిలెండి." గంప సర్దుతూ, "మీరే గదా వొల బేగి వొచ్చేత్తాదన్నారు" అంది.

అన్నాను. నేనే అన్నాను.

ఆఖరికి నల్లపెట్ట ఒక్కటే మిగిలింది. పెరటి మూల పాత గంపలో పదమూడు గుడ్ల మీద కూర్చుని ఉంది. గురువారం ఆఖరి తనిఖీ అని కబురొచ్చింది. అలవాటు ప్రకారం నేను దరఖాస్తు సవరించి తీసుకెళ్లాను. లోవమ్మకు చదువు రాదు.

"ఈపాలి ఎన్నని రాసినారు బాబూ?"

"సున్నా" అన్నాను.

ఆమె కాసేపు ఆ కాగితాన్నే చూసింది. తర్వాత గంప వంక చూసింది.

"అయితే కాయితం మీద దాన్ని మీరే కోసీసినారన్నమాట" అంది.

నాకు సిగ్గేసింది. ముప్ఫయ్యేళ్లుగా పిల్లలకు తీసివేతలు నేర్పుతున్నాను. తీసేసేది ఏమిటో చూడకుండా తీసెయ్యడం నాకెప్పుడు అలవాటయిందో తెలియలేదు. చేతిలో పెన్ను ఉంటే మనిషి చెయ్యలేని పాపం లేదనిపించింది. దిద్దుతాను ఇలా ఇవ్వమన్నాను.

"ఒద్దు. సున్నాయే ఉండనియ్యండి" అంది లోవమ్మ.

బుధవారం తెల్లవారి మొదటి బస్సులో నల్లపెట్ట గుడ్లతో సహా గొలుగొండలో ఉన్న లోవమ్మ చెల్లెలు తలుపులమ్మ ఇంటికి వెళ్లిపోయింది. ఊక పోసిన గంపలో, లోవమ్మ ఒళ్లో కూర్చుని. బస్సు గతుకుల్లో పడ్డప్పుడల్లా గంపను గాల్లోకి ఎత్తి పట్టుకుందట.

గురువారం పన్నెండు గంటలకు భానుమూర్తి గారు వచ్చారు. మా మడిలో తోటకూర ఆ పూటకు నేనే కోసి ఇచ్చాను. కోళ్లు తగ్గడంతో ఏపుగా పెరిగింది. తోటకూర పప్పు వడ్డించేసరికి వారు విస్తరి వంకా, పెరటి వంకా, నా వంకా చూశారు. శనివారం కాదు గదా అని నెమ్మదిగా అడిగారు. కాదన్నాను. సాయంత్రం లోవమ్మ నూకలు చల్లి, "బ్బా బ్బా బ్బా" అని పిలిచింది. ఎవరూ రాలేదు. ఖాళీ పెరట్లో ఆ పిలుపు వినడం నావల్ల కాలేదు, రిజిస్టరులో తల దూర్చాను.

భానుమూర్తి గారు సున్నా అని రాశారు. దరఖాస్తులోనూ సున్నా. కేంద్రం పెట్టిన తర్వాత లెక్క సరిపోవడం అదే మొదలు. "ఈ పెరటి నుండి ఒక్క కోడియు బయటికి పోవుట లేదు" అని నివేదిక పైకి వెళ్లింది. పది రోజుల్లో వల మంజూరయింది.

వచ్చింది పదిహేను గజాలు. ఒక్క పక్కకే సరిపోతుంది. మా పెరటి వైపు, ఆ సందున్న వైపు కట్టిస్తుందనుకున్నాం. వర్ధనమ్మ అప్పుడే నాలుగో మడి తవ్వించింది. లోవమ్మ కూలి మనిషి సోములు చేత నాలుగు రాటలు పాతించి, వీధి వైపు కట్టించింది. దారికి కూడా వలతోనే తలుపు పెట్టించి, లోపలినుంచి గడియ బిగించింది.

"ఇటెందుకమ్మా? కోళ్లు వెళ్లేది మావైపు కదా" అన్నాను.

"కోళ్లు ఎటెల్తే నాకేటి బాబూ, మాపటికి వొచ్చీత్తాయి. ఎటుకాసి పోతన్నాయో అటే గదా కట్టుకోవాల" అంది.

వల కట్టిన వారానికి నల్లపెట్ట గొలుగొండ నుంచి తిరిగొచ్చింది, తొమ్మిది పిల్లలతో. ఆ మర్నాడే, సరిగ్గా పన్నెండు గంటలకు, పని పూర్తయినట్టు ధ్రువపత్రం ఇవ్వడానికి భానుమూర్తి గారూ, గంగులూ వచ్చారు. వలలోంచి నల్లపెట్టను చూడగానే గంగులు మొహం వికసించింది.

"తలుపు తియ్యమ్మా" అన్నారు భానుమూర్తి గారు.

లోవమ్మ నా వంక చూసింది. నేను నీలం అట్ట పుస్తకం వారి చంకలోంచే అడిగి తీసుకుని, తొమ్మిదో రూలు గట్టిగా చదివి వినిపించాను. క్లాసులో చదివినట్టే, రెండుసార్లు.

"మంజూరు రద్దయిపోద్దండి బాబూ" అంది లోవమ్మ, ఎంతో వినయంగా. "అట్నుంచే సూసీండి. వొల బాగా పనిసేత్తంది."

రూలు వారిదే. కాదనలేకపోయారు. ఎండలో, వీధిలో నిలబడి, వల పట్టి ఊపి చూసి, గట్టిగా ఉందన్నారు. గంగులు వీపు మీద ఆ పాత ఫారమే పెట్టుకుని నింపడం మొదలెట్టారు. నల్లపెట్ట పిల్లల్ని వెంటేసుకుని మా కంచె సందులోంచి తోటకూర మడిలోకి వెళ్లిపోయింది. ఇంట్లోంచి వర్ధనమ్మ కేక వినపడింది.

ఫారం అంతా నిండింది. ఎన్నో తనిఖీల రాతలతో, కొట్టివేతలతో సంతకానికి ఎక్కడా చోటు మిగల్లేదు. మొదటి రోజునుంచి ఖాళీగా ఉన్న గడి ఒక్కటే ఉంది. "ఏ జంతువు బెడద నుండి రక్షణ" అన్న గడి. భానుమూర్తి గారు అందులో పేరు, హోదా రాసి, సంతకం చేసి, ముద్ర వేశారు.

దాని కింద, అదే గడిలో, సాక్షిగా నా సంతకం కూడా ఉంది.