ఒక్క చెవికి పాడిన పాట

ఆ బుధవారం పొద్దున బుల్లయ్య వేసుకున్న పథకంలో చనిపోవడం అనేది ఎక్కడా లేదు. ఆరింటికల్లా ఆటో నడిపే కోటి మైకుతో బయలుదేరాలి, దర్శి చుట్టుపక్కల పదకొండు ఊళ్లు తిరగాలి, మధ్యాహ్నానికి రైతులు రావాలి, సాయంత్రానికి తన నర్సరీలో ఎండ తగలకుండా కట్టిన షేడ్‌నెట్ కింద ఉన్న మిరప నారులో పావువంతైనా కదలాలి. వారం కిందటే వాన పడింది. నారు నలభై రోజులది అయింది. ఇంకో పది రోజులు ట్రేల్లోనే ఉంటే ముదిరిపోతుంది. ముదిరిన నారును ఎంత మంచి చేలో పెట్టినా లాభం లేదు.

ఈసారి మైకులో మామూలు కేకలు వద్దు, పాట పెడదామన్నది ఆయన మేనకోడలు అఖిల. డిగ్రీ అయ్యాక రెండేళ్లుగా ఆ అమ్మాయి పగలు మేనమామ నర్సరీలో ట్రేలు నింపుతోంది, సాయంత్రాలు ఖాదర్ వలి మాస్టారి ఆర్కెస్ట్రాలో పాడుతోంది. పాడుతోంది అంటే కోరస్‌లో వెనక నిలబడుతోంది. "నీ గొంతు బాగుందమ్మా. కాకపోతే అది వినబడాలంటే నీ పక్కనే నిలబడాలి," అనేవాడు ఖాదర్ వలి. ఆదివారం దర్శిలో ఒక పెళ్లి ఉంది. ఆటో పాట జనానికి నచ్చితే ఆ పెళ్లిలో ముందు మైకు ఇస్తానని ఆయన మాటిచ్చాడు. ఈ శ్రావణంలో కూడా వెనకే నిలబడితే ఇక పాటలు చాలు, బీఈడీలో చేరమని అఖిల వాళ్లమ్మ అంతకుముందే చెప్పేసింది. అంచేత ఆ రెండు నిమిషాల పాట మీద మిరప నారే కాదు, అఖిల బతుకు కూడా ఆధారపడి ఉంది.

మంగళవారం మధ్యాహ్నం ఎరువుల గదిలో, బస్తాల మధ్య దుప్పటి కప్పుకుని, ఫోనుకి నాలుగు వేళ్ల దూరంలో నోరు పెట్టి అఖిల పాట రికార్డు చేసింది. ఈ కాలపు పాప్ గాయకులు పాడే తీరంటే ఆమెకు ప్రాణం. వాళ్లు గొంతు చించుకోరు. స్వరంలో ఊపిరి కలుపుతారు. మాట చివరను ముట్టీ ముట్టనట్టు వదిలేస్తారు. గట్టిగా పాడితే పాట ఊరందరిదీ అవుతుంది, ఊపిరితో పాడితే వినే ఆ ఒక్కరిదే అవుతుంది అని ఆమె నమ్మకం. ఆ నమ్మకంలో తప్పేమీ లేదు. కోటి ఆటో మీద రెండు హారన్ మైకులు ఉంటాయన్న సంగతి మాత్రం ఆమెకు ఆ సమయంలో గుర్తు రాలేదు.

పాట చిన్నదే. "చిట్టి చిట్టి మొక్కలండీ, చేయి చాచి పిలిచెనండీ" అని మొదలై, "బుల్లయ్యా... బుల్లయ్యా... బుల్లయ్య నర్సరీ" అని ముగుస్తుంది. ఆ పేరు దగ్గర అఖిల స్వరాన్ని కాస్త సాగదీసి, మెల్లగా కిందికి దించి, ఒక నిట్టూర్పుతో వదిలింది. సాయంత్రం కోటికి వినిపించింది.

"ఎట్టా ఉంది కోటన్నా?"

"గుండె పిండేసిందమ్మా," అన్నాడు కోటి కళ్లు తుడుచుకుంటూ.

నారు అమ్ముకునే పాటకి గుండె పిండడం ఎందుకన్న అనుమానం అప్పుడే రావలసింది. అఖిల దాన్ని మెచ్చుకోలు కింద జమ వేసుకుని హాయిగా నిద్రపోయింది.

ఆటో వెనక కట్టిన ఫ్లెక్సులో బుల్లయ్య ఫొటో ఉంది. కిందటేడు రైతు సంఘం వాళ్లు సన్మానం చేసినప్పుడు తీసింది. పక్కనున్న పెద్దమనుషులందర్నీ కత్తిరించేశాక ఆయన ముఖం, మెడలో నిండు చామంతి దండ మిగిలాయి. ఇక కోటి ఆటో అంటే దర్శిలో తెలియనివాళ్లు లేరు. బడి అడ్మిషన్లకూ అదే, చీరల సేల్‌కూ అదే, ఎవరైనా పోతే ఊరూరా కబురు చెప్పడానికీ అదే. చావు కబురు చెప్పేటప్పుడు కోటి నెమ్మదిగా నడుపుతాడు. ఆ రోజు కావాలని చేయలేదుగానీ, పాట వింటూ వింటూ అతని కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్లింది.

అసలు చిక్కు హారన్‌తో వచ్చింది. హారన్ మైకు కేకను మోస్తుంది, ఊపిరిని మోయదు. అఖిల ముట్టీ ముట్టనట్టు వదిలిన మాటలన్నీ ఆటో చుట్టూ రాలిపోయాయి. చిట్టి మొక్కలు వినబడలేదు, చాచిన చేయి వినబడలేదు, నర్సరీ అసలే వినబడలేదు. చేలో ఉన్నవాళ్లకి అందిందల్లా సాగదీసిన పేరు, వెనకాలే ఒక నిట్టూర్పు. మా వైపు మంచి కబురు ఎవరూ మెల్లగా చెప్పరు. పిల్ల పరీక్ష పాసైనా, బోరులో నీళ్లు పడినా కేకే. మైకులో మెల్లగా చెప్పారంటే అర్థం ఒకటే.

జనం వెంటనే బుల్లయ్యకి ఫోన్లు చేశారు. నీళ్లలో తడుస్తుందని నారు పని ఉన్న రోజుల్లో ఆయన ఫోను ఇంట్లోనే ఉంచుతాడు. ఎన్నిసార్లు చేసినా ఎత్తకపోయేసరికి ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది.

తొమ్మిదింటికి పక్కూరి సుబ్బరావమ్మ నర్సరీ గేటు తోసుకుని పరుగున వచ్చి, ట్రేలు సర్దుతున్న రాఘవమ్మను కావిలించుకుంది.

"వదినా, ఎంత పని జరిగిందే!"

రాఘవమ్మ బుల్లయ్య భార్య. పొదిలిలో ఆమె అన్నయ్యకు బీపీ ఉంది. ఇది ఆ కబురే అనుకుంది ఆమె.

"నిన్న కూడా మాట్లాడానే! గోంగూర పచ్చడి కావాలన్నాడే!" అని గొల్లుమంది.

"నిన్న బాగానే ఉన్నాడా?"

"బాగానే ఉన్నాడే, నవ్వాడు కూడానే!"

"పోయేముందు అట్టాగే నవ్వుతారు వదినా."

మరో పదిమంది ఆడవాళ్లు వచ్చారు. వాళ్లను చూసి రాఘవమ్మ ఇంకా గట్టిగా ఏడ్చింది, ఆమెను చూసి వాళ్లు ఇంకా గట్టిగా ఏడ్చారు. ఏడుపు విని బుల్లయ్య షేడ్‌నెట్ లోపలి నుంచి మట్టి చేతులతో బయటికొచ్చాడు. విషయం తెలియకపోయినా మర్యాద తెలిసిన మనిషి కనుక తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేసి, ముందున్న ముసలాయన పక్కన నిలబడ్డాడు.

"ఎవరండీ పోయింది?"

"బుల్లయ్యంట, పాపం. మంచోడు," అన్నాడు ముసలాయన తల తిప్పకుండానే. తర్వాత తిప్పాడు. తిప్పి, ఉన్నచోటనే కూలబడ్డాడు.

ఆయనకు నీళ్లు చల్లి లేపుతుండగా అంకారావు వచ్చాడు. ఆ రోడ్డులోనే అంకారావుకి మరో నర్సరీ ఉంది. ఇద్దరికీ ఆరేళ్లుగా మాటల్లేవు. మనిషి పోయాక పంతాలేమిటని ఆ పూట గేటు మూయించి, దండ కొనుక్కుని మరీ వచ్చాడు.

"బతికే ఉన్నావా?" అన్నాడు బుల్లయ్యను చూసి.

"ఉంటే తప్పా?"

"తప్పని కాదులే. పొద్దున్నించి నర్సరీ మూసుకుని కూచున్నా."

తెచ్చిన దండ ఏం చేయాలో అంకారావుకి తోచలేదు. బతికున్న మనిషికి చావు దండ వేయకూడదు, ఇంటికి తిరిగి తీసుకెళ్లకూడదు. అందుకని గేటుకి తగిలించి వెళ్లిపోయాడు. గేటుకి దండ చూసి రోడ్డు మీద పోయేవాళ్లు ఇంకో ముప్పైమంది లోపలికొచ్చారు. సాయంత్రం దాకా బుల్లయ్య బతికున్నానని చెప్పుకోవడంతోనే సరిపోయింది. ఒక్క ట్రే కూడా అమ్ముడుపోలేదు.

ఆ రాత్రి ఖాదర్ వలి పాట విని తల పట్టుకున్నాడు.

"ఇది హారన్‌కి పాడే తీరు కాదమ్మా. హారన్‌కి ఊపిరి అక్కర్లేదు, గొంతు కావాలి. కడుపులోంచి తియ్యి. పళ్లు కనబడేట్టు నోరు తెరువు. ప్రతి మాటకీ చివర నొక్కు."

అఖిల అలాగే పాడింది. మాస్టారు వెనక డప్పు దరువు వేశాడు. ఈసారి పాట రెండు పొలాల అవతలికి కూడా పొల్లు పోకుండా వినబడుతుంది. శాస్త్రం ప్రకారం దాంట్లో వంక పెట్టడానికేమీ లేదు. అయితే బుల్లయ్య బతికున్నాడన్న కబురు మూడు ఊళ్లకే చేరింది. పోయాడన్న కబురు పదకొండు ఊళ్లకీ చేరింది.

గురువారం పొద్దున ఆ మిగిలిన ఎనిమిది ఊళ్లలో కోటి ఆటో డప్పు వాయించుకుంటూ ప్రవేశించింది. మొదటి ఊళ్లోనే టీ బంకు దగ్గర పెద్దవాళ్లు అడ్డం పడి వైరు పీకేశారు.

"నిన్న మనిషి పోతే ఇవాళ డప్పేసి సరుకు అమ్ముతార్రా? ఏం మనుషులు మీరు?"

"బతికే ఉన్నాడండీ!" అన్నాడు కోటి.

"అట్టా అనుకుంటే మనసుకి ఊరట. మాకు తెలుసులే నాయనా. ఆటో తిప్పు."

చావు కబురూ, డప్పు కబురూ కలిసి ఫోన్లో చేరడంతో మధ్యాహ్నానికి పొదిలి నుంచి రాఘవమ్మ అన్నయ్య కారులో దిగాడు. బావ పోయినందుకు ఏడవాలో, చెల్లెలు పండగ చేసుకుంటున్నందుకు తిట్టాలో తేల్చుకోలేక దారంతా రెండూ చేస్తూ వచ్చాడు. బావే ఎదురొచ్చి కారు తలుపు తీసేసరికి ఆయన బీపీ మాత్ర వేసుకోవలసి వచ్చింది.

ఆయన్ని పంపించాక బుల్లయ్య అఖిలను పిలిచాడు. అరవలేదు. అరిచి ఉంటే ఆ పిల్లకి అంత బాధ ఉండేది కాదు.

"ఇంక పాట వద్దమ్మా. నువ్వు మెల్లగా పాడితే నేను పోయాను, గట్టిగా పాడితే పోయినా ఎవడికీ బాధ లేకుండా పోయింది. పాత కేకలే పెట్టించుకుంటాలే."

అఖిల ఎరువుల గదిలోకి వెళ్లి బస్తా మీద కూర్చుంది. మేనమామ మాట అన్నందుకు కాదు ఆమె ఏడుపు. డప్పు పాట పోతే పోయింది, అది మాస్టారి పాట. మొదటిది మాత్రం తనది. ఆ మొక్కల్ని గింజ పెట్టిన రోజు నుంచీ పెంచింది తను. వాటి గురించి ఎంత ప్రేమగా పాడింది! ఆ ప్రేమే పదకొండు ఊళ్లకు చావులా వినబడిందంటే, ఇక తన గొంతుని తను నమ్మేదెలా? బీఈడీ దరఖాస్తుకి ఆఖరి తేదీ ఎప్పుడో ఫోన్లో వెతకడం మొదలుపెట్టింది.

రాఘవమ్మ టీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుంది.

"ఎవరేమన్నా గానీ, అది చావు పాటంటే నేనొప్పుకోనే. మంగళవారం వంటింట్లో నా చెవి దగ్గర ఫోను పెట్టి వినిపించావు చూడు, పప్పు మాడుతున్నా కదల్లేదు నేను. మీ మావయ్య అసలు విన్నాడా?"

వినలేదు. ఈ రెండు రోజుల్లో ఆ పాట వల్ల వచ్చిన జనాన్ని విన్నాడు గానీ పాటను బుల్లయ్య ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదు. రాఘవమ్మ అఖిల ఫోను, ఇయర్‌ఫోన్లు పట్టుకెళ్లి, వద్దంటున్నా వినకుండా ఆయన చెవుల్లో పెట్టింది.

పాట మొదలవగానే బుల్లయ్య చటుక్కున వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరో నిలబడి మాట్లాడుతున్నారనుకున్నాడు. ఎవరూ లేరు. మళ్లీ ముందుకు తిరిగి ట్రేల వంక చూస్తూ రెండు నిమిషాలూ అలాగే నిలబడ్డాడు. ఇప్పుడు ఒక్క మాట కూడా రాలిపోలేదు. చిట్టి మొక్కలూ వినబడ్డాయి, చాచిన చేయీ వినబడింది. తన పేరు దగ్గర వచ్చేది నిట్టూర్పు కాదని, పిలిచినవాళ్లు జవాబు కోసం ఆగడమని ఆయనకు తెలిసింది. అయిపోయాక ఇంకోసారి పెట్టమన్నాడు.

"అఖిలా," అన్నాడు చివరికి, "ఇది చావులాగ లేదే. ఎవరో వచ్చి నాకొక్కడికే చెప్తున్నట్టుంది. నా నారు నాకే కొనాలనిపిస్తోంది."

"ఒక్కరికే పాడాను మావయ్యా. పదకొండు ఊళ్లకి వినిపించాం."

బుల్లయ్య ఇయర్‌ఫోన్లు తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అయితే ఒక్కొక్కరికే వినిపిద్దాం."

ఆ పూటంతా ఆయన ఫోన్లో ఉన్న రైతుల నంబర్లకు అఖిల పాట పంపింది. గ్రూపులో వేస్తే పొద్దున్నే వచ్చే పూల బొమ్మల్లో కలిసిపోతుందని, విడివిడిగా ఒక్కొక్కరికీ పంపింది. పంపుతున్నది ఎవరి నంబరు నుంచో ఆ హడావిడిలో ఎవరికీ తట్టలేదు. పది నిమిషాల్లో ఫోను మోగడం మొదలైంది.

"హలో... ఎవరండీ?" అన్నాడొక రైతు వణుకుతూ.

"నేనేరా త్రినాథ్, బుల్లయ్యని."

"ఎక్కణ్ణించి బాబాయ్?"

"నర్సరీ నుంచేరా!"

అలాంటి ఫోన్లు రెండు వందలకు పైగా వచ్చాయి. పొద్దున కోటి ఎంత మొత్తుకున్నా ఎవరూ నమ్మని సంగతి, బుల్లయ్య ఒక్కొక్కరి చెవిలో "నేనేరా" అనగానే అందరూ నమ్మారు. శుక్రవారం రైతులు బారులు తీరారు. సగం మంది నారు కోసం, సగం మంది బుల్లయ్యను ఒకసారి ముట్టుకుని చూడడం కోసం. ముట్టుకున్నవాళ్లు కూడా ఉత్త చేతులతో వెళ్లలేదు. త్రినాథ్ అయితే మొక్కల వంక చూడకుండా అఖిల వంక చూసి, "పాట నా పేరు పెట్టి పిలిచినట్టుందమ్మా," అన్నాడు. అఖిలకు కళ్లు నిండాయి. తనకు కావలసింది సరిగ్గా ఆ మాటే.

శనివారం సాయంత్రానికి షేడ్‌నెట్ ఖాళీ అయింది. ఖాదర్ వలి వచ్చి ఖాళీ ట్రేల వంక చూశాడు. పాట జనానికి నచ్చినట్టా, నచ్చనట్టా అన్నది ఆయన కూడా తేల్చుకోలేకపోయాడు.

"మాటిచ్చాను కాబట్టి రేపు ముందు మైకు నీదే. ఏ తీరులో పాడతావు మరి? నీ తీరా, నా తీరా?"

అఖిల ఎదురు ప్రశ్న వేసింది. "రేపు హారన్లా మాస్టారూ, సౌండు బాక్సులా? జనం ఎంత దూరంలో కూచుంటారు?"

ఇరవై రెండేళ్ల ఆర్కెస్ట్రాలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఏం పాట అని అడిగేవాళ్లు, ఏ శ్రుతి అని అడిగేవాళ్లు, వినేవాళ్లు ఎక్కడ కూచుంటారని అడిగినవాళ్లు లేరు. ఖాదర్ వలి జేబులోంచి పాటల జాబితా తీసి, ఒక పాట పక్కన రాసి ఉన్న తన పేరు కొట్టేసి అఖిల పేరు రాశాడు. కాస్త ఆలోచించి మరో రెండు చోట్ల కూడా రాశాడు.

ఆదివారం పెళ్లిలో అఖిల మూడు పాటలు పాడింది. విన్నవాళ్లంతా క్షేమంగా ఇళ్లకు చేరారు.