ఎవ్వరిదీ కాని పాట

పొద్దున్నే శాంతి కమిటీ మీటింగుకు మైకు బిగించి, మధ్యాహ్నానికల్లా ఇంటికొచ్చి, నాటుకోడి కూరతో కడుపునిండా తిని పడుకోవాలన్నది ఆ శనివారం అహరోను పథకం. పథకంలో తప్పేమీ లేదు. కోడిలోనూ లేదు.

హుస్నాబాద్‌లో పెళ్లయినా, మండపమైనా, ప్రార్థన కూడికైనా మైకు సెట్టు అహరోనుదే. అయితే మైకు పెట్టేవాడికో కష్టముంది. టెస్టింగుకు ఏదో ఒక పాట వెయ్యాలి, ఏది వేసినా ఎవరికో ఒకరికి కోపమొస్తుంది. వినాయకుడి దగ్గర క్రీస్తు గీతం మోగి తిట్లు తిన్నాడు. చర్చిలో సినిమా పాట మోగి, పాస్టరు ప్రేమ్‌చంద్ గారితో తన పేరు మీద ప్రత్యేక ప్రార్థన చేయించుకున్నాడు. ఒక పార్టీ సభలో ఇంకో పార్టీ పాట మోగినప్పుడైతే స్పీకరు డబ్బాలు వదిలేసి పరుగే పరుగు.

చివరికి ఆదుకున్నది కూతురు మహిమ. కరీంనగర్‌లో డిగ్రీ చదువుతూ, జపాన్ పంక్ రాక్ తప్ప చెవిన ఇంకేదీ పడనివ్వని పిల్ల.

"బాపూ, గీ పెన్ డ్రైవ్ పెట్టుకో. ఇనదగ్గ జపాన్ బ్యాండ్లన్ని ఏరి ఏసిన. గిటార్ వుల్ఫ్ ఏస్తే నీ డబ్బాల దుమ్మంత రాల్తది. షోనెన్ నైఫ్ అని ఆడోళ్లది ఉన్నది, తిండి మీద గూడ పాటలు కడ్తరు. బ్లూ హార్ట్స్ ఇంటే పానం లేచొస్తది."

"అర్థమేందే బిడ్డా?"

"నాకే సక్కగ తెల్వది. గీడ ఎవ్వలకు తెల్వది. అర్థం గాకుంటే కోపమెట్లొస్తది?"

నిజమే, ఏడాదిగా ఎవరికీ కోపం రాలేదు. వచ్చిందల్లా మర్యాద. మొదటిసారి మండపంలో గిటార్లు గర్జించగానే ఉత్సవ కమిటీ పెద్ద లింగమూర్తి, 'అహరోను కిరస్తానపాయన గదా, ఆళ్ల ప్రార్థన గావచ్చు' అనుకుని పిల్లలందరినీ నిలబెట్టాడు. బట్టల దుకాణం గులాం నబీ సాబ్, కొడుకు ఫైజల్ పెళ్లిలో అదే పాట విని, మహారాష్ట్ర దిక్కు భజన అనుకుని లేచాడు. చర్చిలో విన్న పాస్టరు గారు, నబీ సాబ్ ఇంటి పెళ్లి నుంచి వచ్చిన అరబ్బీ పాట అనుకుని తల వంచాడు. ఆ ఊళ్లో మర్యాదకు లోటు లేదు, అడిగే అలవాటే లేదు. ఎవరి ఫంక్షన్లో వాళ్లు లేచి నిలబడితే అహరోను మాత్రం, 'నా సౌండు గంత బాగున్నదన్నట్టు' అని మురిసిపోయేవాడు.

ఈసారి పండుగలన్నీ ఒకే నెలలో పడ్డాయి. ఆదిలాబాద్ నుంచి కొత్తగా వచ్చిన ఎస్సై మమతారాణి ఒకే మాట చెప్పింది. మీటింగులో మైకు మీద లొల్లి లేకుంటే నెలంతా అహరోను సెట్టే. లొల్లయిందా, కరీంనగర్ డీజే వస్తాడు, అహరోను డబ్బాలు అటకెక్కుతాయి.

ఫంక్షన్ హాల్లో ముగ్గురు పెద్దలూ వాళ్ల మందితో సహా మొదటిసారి ఒక్కచోట కూర్చున్నారు. అహరోను మీట నొక్కాడు. గిటార్ వుల్ఫ్ గోడలదరగొట్టింది.

హాలంతా లేచింది. నబీ సాబ్ నెత్తి మీద దస్తీ కప్పుకున్నాడు. లింగమూర్తి చెప్పులు విడిచాడు. పాస్టరు గారు తల వంచాడు. ఇదేదో ఈ ఊరి ఆచారమనుకుని ఎస్సై కూడా అటెన్షన్‌లో నిలబడింది. ఆమెను చూసి కానిస్టేబుళ్లు సెల్యూట్ కొట్టారు.

అహరోను కంగారుపడి మీట మీద చెయ్యి వేశాడు. లింగమూర్తి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"నడ్మల ఆపకు! ఆళ్లేమనుకుంటరు?"

పాట అయిపోయింది. అమ్మయ్య అని అందరూ వంగి కుర్చీలు పట్టుకునేసరికి రెండోది అందుకుంది. మళ్లీ లేచారు. సమోసాల తట్టతో వచ్చిన గంగుబాయి తట్ట నెత్తిన పెట్టుకునే నిలబడిపోయింది. షోనెన్ నైఫ్ మొదలయ్యాక లింగమూర్తి, 'మరియమ్మ పాట లెక్కున్నది' అని కళ్లు మూసుకున్నాడు. పాస్టరు గారికి మోకాళ్లు పీకుతున్నాయి. కూర్చుందామంటే మొదట ఎవరు కూర్చోవాలి?

ఎస్సై చెమట తుడుచుకుంటూ పాస్టరు వైపు వంగింది. "అయ్యగారూ, మీ ప్రార్థన ఇంకెంతసేపుంటది?"

"మాది కాదమ్మా, నబీ సాబ్ వాళ్లది."

"తోబా తోబా! మాది గాదు మేడం, లింగన్నది."

"మాదెట్లయితది? పాస్టరుది గదా!"

అందరి కళ్లూ అహరోను మీద పడ్డాయి. అతను మీట నొక్కి పాట ఆపేశాడు.

"జపాన్‌ది మేడం," అన్నాడు నీళ్లు నములుతూ.

"జపాన్ల ఏ మతపోళ్లది?"

సెలవుకు ఇంటికొచ్చి, తండ్రికి సాయంగా వైర్లు చుడుతున్న మహిమ తల ఎత్తింది. "ఏ మతం లేదు మేడం. పంక్ అంటరు. పెద్దోళ్లు చెప్పినట్టు ఇనం, ఎవ్వలకు తల వంచం అని గొంతు చించుకోని ఒర్రే పాటలు."

నబీ సాబ్ మెల్లగా దస్తీ తీసి జేబులో పెట్టుకున్నాడు. లింగమూర్తి చెప్పులు తొడుక్కున్నాడు.

"అంటే ఏడాది సంది మమ్ముల ఉత్తగ నిలవెట్టినవారా?" అని మీదికొచ్చాడు.

"నా పొట్ట కొట్టకు అన్నా!" అహరోనుకు ఏడుపొక్కటే తక్కువ. "నిలవడుమని నేనన్ననా? మీరే నిలవడ్డరు!"

ఎస్సై పకపకా నవ్వింది. "జర ఆగుండ్రి. ఏడాది సంది మైకు మీద ఒక్క కంప్లైంటు రాలే. ఇంతకన్న శాంతి ఏం గావాలె? అన్ని పండుగలకు గీ పాటనే ఎయ్యుండ్రి. మైకు అహరోనుదే."

చప్పట్లు మోగాయి. అహరోను కళ్లలో నీళ్లు తిరిగాయి. గంగుబాయి తట్ట దించింది. అంతా బాగానే ఉంది, లింగమూర్తి గొంతు సవరించుకునే దాకా.

"మరి మేడం, ఆ పాట మొదాలు మోగింది మా మండపంలనే. గందుకని మాకే ముందు ఎయ్యాలె."

"అట్లెట్ల? మీ దగ్గర సగమే మోగింది. మా ఫైజల్ పెండ్లిల పూరా మోగింది!"

"తెచ్చింది మా సంఘం బిడ్డ," అన్నాడు పాస్టరు గారు మోకాళ్లు రుద్దుకుంటూ. "దేవుడు చూస్తనే ఉన్నడు."

"గా పాట మాది!"

"కాదు, మాది!"

కుర్చీలు పడ్డాయి, సమోసాలు ఎగిరాయి. ఎస్సై నవ్వు ఆగిపోయింది. లొల్లి పాట మీదే గానీ మైకు మీద కాదు గనుక మైకు అహరోనుదేనని, ఆ పాట మాత్రం పండుగలు గడిచేదాకా ఊళ్లో ఎక్కడా మోగరాదని అక్కడికక్కడే హుకుం జారీ చేసింది.

మధ్యాహ్నం నాటుకోడి కూర ముందు కూర్చుని అహరోను కూతురిని అడిగాడు.

"బిడ్డా, కొరియాల గూడ గిట్లనే ఒర్రుతరా?"